మంచిగున్ననే కిష్టవ్వ

కిష్టవ్వకు పుట్టుకతోనే ప్రతిదాని మీదా ఆరా ఎక్కువ. మెదక్‌లోకి కొత్తది ఏదొచ్చినా ముందు ఆమె కంట పడాల్సిందే. ఎస్టీడీ బూత్ పెట్టిన రోజుల్లో, ఫోన్ చేయడానికి తనకెవరూ లేకపోయినా, బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి పోయి ఎర్ర అంకెలు మారుతుంటే కళ్లప్పగించి చూసింది. వాడకట్టంతా టీవీ ముందు కూర్చుంటే ఈమె దాని వెనక్కి పోయి తొంగిచూసేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

అలాంటి మనిషి కడుపులో క్యాన్సర్ పుండు ముదిరి మంచం పట్టింది. ఇక కోతలూ కరెంటు పెట్టడాలూ వద్దని, ఇంట్లోనే నొప్పి తెలియకుండా చూసుకుందామని హైదరాబాదు నుంచి వచ్చిన డాక్టరు కృష్ణమోహన్ చెప్పిపోయాడు. ఆ వెంటనే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులు ఆగిపోయాయి. దాంతో చర్చి దగ్గరుండే నర్సు నవోమి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని నడిచి వచ్చేది. డాక్టరు అందులో కనిపించేవాడు.

కిష్టవ్వ సంబరం చూడాలి. కోడలు భాగ్యతో తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని, దిండుకు ఆనుకుని కూర్చునేది. ఇంటికొచ్చిన మనిషికి చాయ్ పోయకపోతే ఎట్లా అని ల్యాప్‌టాప్ ముందు కప్పు పెట్టించేది. దాన్ని నవోమి తాగేది.

"ఎలా ఉన్నారమ్మా?" అనేవాడు డాక్టరు.

"మంచిగున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా? తిన్నవా? నీ ఎనుక గా కిటికీల నుంచి ఏం కనవడ్తది? జర తిప్పి చూపెట్టు."

పాపం, ఆయన తిప్పి చూపించేవాడు. ల్యాప్‌టాప్ మూశాక ఈమె చీర కొంగు పళ్లమధ్య బిగించి మెలికలు తిరిగేది.

"గంత నొస్తుంటే చెప్పవేంది అత్తమ్మా?" అని భాగ్య ఏడుపు మొహం పెట్టేది.

"మంచిగున్నవా అని పలకరించిన మనిషికి ఎవలన్న ఏడుపు చెప్తరా?"

భాగ్య ఊరుకోలేక ఒకసారి డాక్టరుకు చెప్పేసింది. "అది ఉత్తగనే పరేషాన్ అయితది" అని కిష్టవ్వ నవ్వి కొట్టిపారేసింది. డాక్టరు ఇరుకున పడ్డాడు. నొప్పికి ఇచ్చే ఆ మందు గట్టిది, అందాజాగా పెంచేది కాదు. ఆమె నోటితో చెప్పాలి. మర్యాద తెలిసిన ఆ నోరు చెప్పదు. ఈ కథ చెబుతున్న నాకైతే ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండుతుంది.

ఒక మధ్యాహ్నం డాక్టరు మొహం వేలాడేసుకుని కనిపించాడు.

"తిన్నవా బిడ్డా?"

"లేదమ్మా. పొద్దున్నుంచి తల పగిలిపోతోంది. ఏమీ సయించడం లేదు."

కిష్టవ్వ బిత్తరపోయింది. తన బతుకులో ఎంతమందిని ఈ మాట అడిగిందో, లేదన్న మనిషిని ఇప్పుడే చూసింది. తెరకు దగ్గరగా వంగి ఆయన్ని వింతగా చూసింది. అలా చెప్పినందుకు ఆయన చిన్నబోయినట్టేమీ లేదు. పైగా సొంత మనిషిలా అనిపించాడు.

"నాకు గూడ నొస్తుంది బిడ్డా" అంది మెల్లగా. "పండుకుంటే నొస్తది, కూసుంటే నొస్తది. పేగులు పట్టుకుని పిండినట్టయితది."

డాక్టరు తన తలనొప్పి మరిచిపోయాడు. ఎక్కడ, ఎంతసేపు, ఎట్లా అని అన్నీ అడిగి, మాత్ర ఎంత పెంచాలో నవోమికి చెప్పాడు.

మర్నాడు నవోమి వచ్చేసరికి కిష్టవ్వ కాళ్లు చాపుకుని పడుకుని ఉంది. కనుబొమల మధ్య ముడి విడిపోయింది. కానీ కళ్లు ఇంటి కప్పు మీదే ఉన్నాయి.

"నవోమీ, మా ఇంటాయన ఎల్లం గూడ గిట్లనే మంచంల పడి పోయిండు. నేను ఎన్నిమార్లు అడిగినా మంచిగున్న అనే చెప్పిండు. నేను నమ్మి, పక్కనే బీడీలు చుట్టుకుంట కూసున్న. ఆయనకు గూడ గింత నొచ్చిందా?"

నవోమికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నొచ్చే ఉంటది, అవ్వా" అంది.

కిష్టవ్వ చాలాసేపు ఏడ్చింది. నవోమి ఆమెను ఊరుకోమనలేదు.