సూదికో తిట్టు

నా చిన్నప్పుడు నేనొక మనిషిని పన్నెండు రోజులు వరసగా తిట్టాను. రోజుకో కొత్త తిట్టు. అతను నన్ను బతికించడానికి తన ప్రయాణం ఆపుకున్న మనిషి. అప్పుడు అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే ఒళ్లు మండేది వేరేవాళ్ల మీద.

మాది శంషాబాద్. ఇప్పుడు విమానాలు దిగే వైపంతా అప్పుడు జొన్నచేలు. బెంగుళూరు రోడ్డు పక్కన మా బాపుకు పంక్చర్ల దుకాణం ఉండేది. దాని వెనక రెండు గదుల్లో మా కాపురం. మా గోడకు ఆనుకునే పక్కింటి అక్క వాళ్ల ఇల్లు. నాకు తొమ్మిదేళ్లు, అక్కకు పద్దెనిమిది. నా తల దువ్వి జడలు వేసేది, నన్ను చంకనేసుకుని పెంచినంత పని చేసింది. ఆ ఎండాకాలంలో ఆమెకు కొత్తూరు సంబంధం కుదిరింది. నెల తిరిగేసరికి పెళ్లి.

ఒక పొద్దున వీధిలో నీళ్లు పట్టుకుంటుంటే ఎక్కడిదో ఒక కుక్క వచ్చి నా పిక్క పట్టుకుంది. అరుపు విని అక్క చీపురు తీసుకుని పరిగెత్తుకొచ్చింది. నన్ను విడిపించేలోపు అది ఆమె ముంజేతిని కూడా కరిచి పారిపోయింది. పోతూ పోతూ వీధి చివర ఒక బర్రెను కూడా కరిచింది. మధ్యాహ్నానికి కొత్వాల్‌గూడ వైపు ఎవరో దాన్ని కొట్టి చంపారని తెలిసింది.

అక్కను కరవడం నేను తప్ప ఎవరూ చూడలేదు. ఆమె నన్ను గోడ చాటుకు తీసుకుపోయి నా చేయి తన తల మీద పెట్టుకుంది. "నన్ను కరిసిందని ఎవ్వలకు చెప్పకు. నా నెత్తి మీద ఒట్టు," అంది. ఒట్టు తప్పితే ఆ తల ఎవరిదో వాళ్లు చచ్చిపోతారని మా పిల్లలందరి నమ్మకం. అక్క ఇంట్లో మాత్రం గంజి వంపుతుంటే చేయి కాలిందని చెప్పింది. పిచ్చికుక్క కరిచిన పిల్ల అంటే కొత్తూరు వాళ్లు పెళ్లి వద్దంటారని ఆమె భయం.

నాకు జరిగిన వైద్యం ఏమిటంటే, మా నాయనమ్మ గాయంలో కారప్పొడి అద్దింది. ఆకుమందు ఇచ్చే పెద్దమనిషి వచ్చి ఆకు కట్టి, మూడు రోజులు నీళ్లలో మొహం చూసుకోవద్దని చెప్పి పోయాడు. అంతే. అందరూ నిశ్చింతగా అన్నాలు తిన్నారు.

మూడో రోజు మా దుకాణం ముందు రెండు మోటారుసైకిళ్లు ఆగాయి. ముగ్గురు కుర్రాళ్లు. నాగపూర్ అవతల ఎక్కడో డాక్టరు చదువు చదువుతున్నారట. వేసవి సెలవుల్లో కన్యాకుమారి దాకా పోయి సముద్రం చూసి రావాలని బయలుదేరారు. మా ముందుకు వచ్చేసరికి ఒక బండికి పంక్చరైంది. వాళ్ల హిందీకి మా బజారు ఉర్దూ సరిపోయింది కాబట్టి మాటలకు ఇబ్బంది లేదు. బాపు ట్యూబు బయటికి తీస్తుంటే, వాళ్లలో ఒకతను నా కాలి మీది ఆకు చూసి ఏమైందని అడిగాడు. చెప్పాను. అతను ఎవరినీ అడగకుండా ఆ కట్టు విప్పేశాడు.

తర్వాత సబ్బు తెమ్మన్నాడు. ఒక బకెట్టు అయిపోయి ఇంకో బకెట్టు తెచ్చేదాకా ఆ గాయాన్ని రుద్ది రుద్ది కడిగాడు. కారం మంటకు తోడు ఆ రుద్దుడు. నేను వీధి ఎగిరిపోయేలా అరిచాను. నాయనమ్మ చేతికి దొరికిన చెంబు అతని మీద విసిరింది. అతను పట్టించుకోలేదు. కుక్క ఏమైందని అడిగి, చంపేశారని తెలిశాక, ఇన్నాళ్లూ దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదని లేచి మా బాపు మీద అరిచాడు. మా ఇంటి ముందు నిలబడి మా బాపు మీద ఒకరు అరవడం నేను చూడటం అదే మొదటిసారి. బాపు చేతులు తుడుచుకుని, "పిల్లకు ఏం జెయ్యాల్నో చెప్పు," అన్నాడు.

చేయాల్సింది ఏమిటంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు, రోజుకొకటి, పట్నంలోని సర్కారు దవాఖానలో. మిగతా ఇద్దరూ ఒక రోజు ఆగి అతన్ని బతిమాలారు. ఊరూ పేరూ తెలియని వాళ్ల కోసం సెలవులన్నీ పాడుచేసుకుంటావా అని కోప్పడ్డారు. తను పోతే నాలుగో రోజుకల్లా వీళ్లు మానేస్తారని అన్నాడతను. నేను అక్కడే ఉన్నానని కూడా చూడలేదు. నాకు చాలా అవమానంగా అనిపించింది. కానీ ఇప్పుడు తెలుసు, నిజమే, నాలుగో రోజు దాకా కూడా పోయేవాళ్లం కాదు. స్నేహితులు ఒక బండి మీద దక్షిణానికి పోయారు. అతను మా దుకాణం వరండాలో నులకమంచం వేసుకున్నాడు.

మొదటి రోజు అతని చేయి కొరికాను. రెండో రోజు వడ్ల గుమ్మి వెనక దాక్కుంటే కాలు పట్టి లాగారు. మూడో రోజు అతనే ఒక బేరం పెట్టాడు. సూది పడినప్పుడల్లా నేను అతన్ని ఒక తిట్టు తిట్టొచ్చు. ఎంత పెద్దదైనా సరే. ఒకసారి తిట్టింది మళ్లీ తిట్టకూడదు. నేను తిట్టిన ప్రతి తిట్టునూ అతను గట్టిగా తిరిగి చెప్పాలి. ఒప్పుకున్నాను. "నీ చేతులిరుగ!" అన్నాను సూది దిగగానే. అతను దవాఖాన వరసలో నిలబడి, "నీ సేతుల్ ఇరగా," అన్నాడు. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మర్నాడు "నీ బండి మూసీల వడ!" ఆ మర్నాడు "నీ మొఖం మండ!" సూది గురించి భయపడాల్సిన సమయమంతా నేను తిట్లు వెతుక్కోవడంలో గడిపాను. ఆ కుర్రాడి తెలివి అది.

మధ్యలో రెండుసార్లు అడిగాడు, ఆ కుక్క ఇంకెవరినైనా కరిచిందా అని. మా బాపు బర్రె సంగతి చెప్పాడు. నేను మాత్రం మనుషుల్లో ఎవరినీ కరవలేదన్నాను. ఒట్టు ఉంది. పైగా నన్ను పెడుతున్న బాధ అక్కను కూడా పెడతాడు. వీడికి ఆ అవకాశం నేనెందుకు ఇవ్వాలి అనుకున్నాను.

ఆరో రోజు సూది ఎముకలోకి దిగినంత నొప్పి పెట్టింది. నోట్లో తిట్టు లేదు. ఉన్నవన్నీ అయిపోయాయి. అతను దవాఖాన మెట్ల మీద కూర్చుని తిట్టు ఏది అన్నట్టు చూస్తున్నాడు. కోపం ఆగక, "నీ అంత తెల్వితక్కువోడు ఎక్కడా ఉండడు! అక్కను గూడ కరిసింది, నీకు తెల్వనే తెల్వదు!" అనేశాను.

ఆ ఒక్కటి అతను తిరిగి చెప్పలేదు. ఏ అక్క అని మెల్లగా అడిగాడు. అప్పటికి నేను నోరు మూసుకుని ఏడుస్తున్నాను. ఒట్టు తప్పాను, అక్క ఈపాటికి చచ్చిపోయి ఉంటుందని చెప్పాను. అతనికి నా మీద కోపం రావలసింది, ఆరు రోజులు పోగొట్టాను కదా. రాలేదు. ఒట్టు తప్పితే ఎవరూ చావరు, నువ్వు చెప్పకపోయుంటే చచ్చిపోయేది, అన్నాడు. నా జీవితంలో ఏ పెద్దమనిషీ నాకు అంత సూటిగా ఏ మాటా చెప్పలేదు.

ఆ సాయంత్రం అక్కవాళ్ల వాకిట్లో జరిగింది మాత్రం పెద్ద గొడవ. అక్క వాళ్ల నాన్న కర్ర తీశాడు. "మా ఇంటి ముచ్చట నీకెందుకు? నీ తొవ్వ నువ్వు పో!" అన్నాడు. వాళ్లమ్మ, కడుపు మీద సూదులేస్తే పిల్లలు పుడతారా అని ఏడ్చింది. పెళ్లయ్యాక చూద్దాంలే అన్నారు చుట్టూ మూగిన పెద్దలు. చూద్దాంలే! ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఎదుటివాళ్ల చెంప పగలగొట్టాలనిపిస్తుంది. అతను అందరికంటే గట్టిగా అరిచాడు. రేపు పొద్దున ఈ అమ్మాయి నా బండి ఎక్కకపోతే, నేనే కొత్తూరు పోయి పెళ్లికొడుకుకి అన్నీ చెప్తానన్నాడు. అది బెదిరింపే, కాదనను. అక్క గడపలో నిలబడి నావైపే చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక నేను బాపు కాళ్ల వెనక నిలబడ్డాను.

మర్నాడు అక్క వచ్చింది. అతను ముందు, నేను మధ్యలో, కొంగు కప్పుకుని అక్క వెనక. నా సూదులు అయిపోయాక కూడా ఆమెకు తోడుగా నేను పోవలసి వచ్చింది. నువ్వు కూడా తిట్టొచ్చక్కా, ఏమీ అనడు అని చెప్పాను. అక్క ఎవరినీ ఏమీ అనలేదు. అన్ని రోజుల్లో నాతో ఒక్క మాటా మాట్లాడలేదు.

ఆమె సూదులు ఇంకో మూడు ఉన్నాయనగా కొత్తూరు నుంచి కబురొచ్చింది. పరాయి మగాడి బండి మీద పట్నం తిరిగే పిల్ల మాకొద్దని. వాళ్లకు కుక్క సంగతే తెలియదు! కరవడం వల్ల పెళ్లి ఆగుతుందని అంతా దాచారు, చివరికి ఆగింది వైద్యానికి తీసుకుపోయిన బండి వల్ల. అసలు సంగతి ఇదీ అని వాళ్లకు ఒక్కడూ పోయి చెప్పలేదు. అందరూ కలిసి తప్పును తొమ్మిదేళ్ల నా నోటి మీద వేశారు.

అక్కకు పద్నాలుగో సూది అయిన మర్నాడు అతను బయలుదేరాడు. సెలవులు అయిపోయాయి. బండిని దక్షిణానికి కాదు, వచ్చిన వైపుకే తిప్పాడు. సముద్రం చూడనేలేదు. మా బాపు రెండు టైర్లలో గాలి చూసి పంపాడు. వీధిలో ఇంకెవరూ బయటికి రాలేదు.

తర్వాత వారం తిరగకముందే ఆ బర్రెకు పిచ్చెక్కింది. నురగ కక్కుతూ, గోడకు కొమ్ములు కొట్టుకుంటూ, రెండు రోజులు రంకెలు వేసి చచ్చిపోయింది. వీధి వీధంతా చూసింది. కర్ర తీసిన మనిషీ చూశాడు. అయ్యో, ఆ పిలగాడు ఎంత మంచి పని చేశాడు అని ఒక్క నోటి నుంచి వస్తుందేమోనని నేను ఎదురుచూశాను. రాలేదు. అతని చిరునామా కూడా ఎవరూ రాసుకోలేదు.

ఇప్పుడు బొడ్డు చుట్టూ సూదులు లేవు, చేతికి నాలుగైదు వేస్తే సరిపోతుంది. అయినా మొన్నటికి మొన్న, మా సందులో కిరాయికి ఉండే ఒకామె, కొడుకును కుక్క కరిస్తే పరీక్షలయ్యాక పోదాంలే అంది. నేను ఆమెను నడివీధిలో తిట్టి, పిల్లాడిని ఆటోలో కూర్చోబెట్టుకుని పోయాను. ముసలిదానికి నోరెక్కువ అనుకుంటున్నారట. అనుకోనీ.

అక్కకు ఆ తర్వాత ఏడాదికి బాలాపూర్ సంబంధం కుదిరింది. పిల్లలు, మనవలు, ముని మనవడు కూడా. ఇన్నేళ్లలో నాతో మాట్లాడలేదు. వాళ్ల వైపు ఏ పెళ్లికి పోయినా, పంక్తిలో నన్ను చూడగానే విస్తరి ముందు నుంచి మొహం పక్కకు తిప్పుకుంటుంది. మొదట్లో ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు ఏడవను. బాలాపూర్‌లో పెళ్లంటే పిలవకపోయినా పోతాను. ఆమె ఇంకా బతికుండి నా మీద కోపంగానే ఉందని చూసుకుని, కడుపునిండా తిని వస్తాను.