పటేల్ తాత టాకీసులో ఒక్క ఆట

ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజుల్లో సినిమా గురించి నాకు తెలియని విషయం లేదు. మొయినాబాద్‌లో ఇంజనీరింగ్ అయిందనిపించుకుని, ఉద్యోగం దొరక్క (దొరికితే చేసేవాణ్ణనీ కాదు) చేవెళ్లలో నలుగురు మిత్రులతో ఒక సంఘం పెట్టాను. చుట్టుపక్కల కుర్రాళ్ళు సినిమాలు తీసుకోవడానికి సాయం చేయడం, మూతబడ్డ పాత టాకీసులో వాటిని ఆడించడం మా ఆశయం. లాభం మాటే లేదు. మా ఇంట్లో మాత్రం దాన్ని సంఘం అనేవాళ్ళు కాదు, రోగం అనేవాళ్ళు.

టాకీసు పటేల్ తాతది. ఒకప్పుడు షాబాద్ నుంచి కూడా జనం బండ్లు కట్టుకుని వచ్చిన హాలు. దాన్ని కూలగొట్టి ఫంక్షన్ హాలు కడదామని కొడుకుల పోరు. మేం బతిమాలగా బతిమాలగా ఆయన ఒక్క మాటన్నాడు: "ఒక్క ఆట ఏసుకోండ్రి. జనం ఆఖరుదాంక కూసుంటె తాళాలు మీకే ఇస్త. లేసిపోయిన్రంటె మల్ల నన్ను అడగొద్దు."

ఆ ఒక్క ఆటకు అరగంట సినిమా నేనే తీశాను. హాలు నిండాలి కాబట్టి ఊళ్ళో అడిగినవాళ్ళందరికీ వేషాలిచ్చాను. కూరగాయల మార్కెట్ వాళ్ళు, మెహదీపట్నం బస్సు ప్రయాణికులు, చర్చిలో మా మేనత్త నడిపించే పాటల బృందం, అందరూ ఉన్నారు. చివర్లో, నా కళాతృష్ణ కోసం, ఒక బర్రె నెమరువేస్తుంటే కదలకుండా తీసిన పొడుగాటి షాటు. జీవితమంతా అందులో ఉందని నా నమ్మకం. (బర్రెకు ఆ సంగతి తెలియదు.)

ఆదివారం ప్రార్థన కాగానే జనం బైబిళ్ళతోనే వచ్చేశారు. హాలు నిండింది. పటేల్ తాత వెనక వరుసలో కర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. మార్కెట్ సీనుకు ఈలలే ఈలలు. పొంగిపోయాను. ఆ సీను అవగానే మార్కెట్ వాళ్ళంతా లేచి బయటికి నడిచారు. బస్సు సీను కాగానే బస్సు వాళ్ళూ లేచారు. ఎవరి ముఖం వాళ్ళు చూసుకోవడానికే వచ్చారన్న సంగతి అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు. పాట అయ్యాక మా మేనత్త కూడా కొంగు సర్దుకోవడం చూసి, పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"మాదైపోయింది గద బిడ్డా. ఇంక కూసోని ఏం జేస్తం? ఇంట్ల కూర వండేదున్నది," అంది, ఏ పాపమూ ఎరగనట్టు.

తెర మీదికి బర్రె వచ్చింది. తాత కర్ర నేలకు ఆనించి లేవబోయాడు. హాలు పోయినట్టేనని ఏడుపొచ్చింది. ఏం చేస్తున్నానో తెలియకుండానే గేటు దగ్గరికి ఉరికి అరిచాను: "సినిమా ఇంక కాలే. అందరివి మల్లొస్తయి. తీసేసినయి గూడ ఉన్నయి."

గేటు బయట ముచ్చట్లాడుకుంటున్న జనం తిరిగొచ్చారు. ఇక చూపించక తప్పదు. బర్రెను ఆపించి, లాప్‌టాప్‌లో పడి ఉన్న పనికిరాని ముక్కలన్నీ వరసగా వేయించాను. మేనత్త ఒకే పాటను ఒక్కోసారి ఒక్కో రాగంలో ఎత్తుకోవడం, మమ్మల్ని వదిలేసి బస్సు వెళ్ళిపోవడం. జనం నవ్వలేక చస్తున్నారు. అంతలో, నేను పూర్తిగా మరిచిపోయిన ముక్క ఒకటి వచ్చింది. తన బంతితోట తొక్కామని పటేల్ తాత కర్ర ఎత్తి మమ్మల్ని తరుముతున్నాడు. తలలన్నీ వెనక్కి తిరిగాయి.

తాత కాసేపు చూశాడు. "జర వెనుకకు తిప్పు," అన్నాడు. తిప్పాం. మళ్ళీ తిప్పమన్నాడు. మళ్ళీ తిప్పాం. "ఈ వయసుల గింత మంచిగ ఉరుకుతనా నేను?" అని పక్కవాణ్ణి అడిగాడు. ఆ తర్వాత చివరిదాకా ఒక్కరూ లేవలేదు.

బయట తాళాలు నా చేతిలో పెడుతూ, "బర్రెది మాత్రం మల్ల ఎయ్యకు," అన్నాడు.

ఇప్పుడు ఏ కుర్రాడి సినిమా ఆడినా, దాని వెనకే తప్పుల ముక్కలు వేయడం మా టాకీసు ఆనవాయితీ. తాత లేడు. ఆయన పరుగు మాత్రం అడిగి మరీ వేయించుకుంటారు. అందులో తాతకు ముందు, కెమెరా స్టాండు భుజాన వేసుకుని ప్రాణభయంతో ఉరికే బక్క కుర్రాడొకడున్నాడు. అది నేనేనని ఎవరూ పట్టించుకోరు. నేను మాత్రం వాణ్ణే చూస్తాను. నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది. అంత ఉరుకులోనూ వాడు గట్టు మీది కెమెరా మిత్రుడికి ఆపొద్దని చేత్తో సైగ చేస్తున్నాడు. అక్కడ, ఎవరూ అడక్కపోయినా, నేనే ఒకసారి వెనక్కి తిప్పుకుంటాను.