దొర పక్క సీటు

మా చిన్నప్పుడు... అని మొదలుపెట్టి మీ అమూల్యమైన కాలాన్ని హరించబోతున్నందుకు పెద్దలకు, పిన్నలకు, స్వర్గస్థులైన సమస్త కారు పందెగాళ్లకు సాష్టాంగపడి క్షమాపణలు కోరుతున్నాను. ఇక్కడిదాకా చదివాక తప్పు మీది.

అప్పుడు మేం కువైట్‌లో ఉండేవాళ్లం. నాన్న అల్ రాయ్‌లో కార్ల మెకానిక్కు. ఆ గ్యారేజీ గోడకి పాతకాలపు అమెరికా పందెపు డ్రైవరు ఫొటో ఒకటి... ముఖం నిండా మసి, పక్క సీట్లో బక్కపల్చటి మెకానిక్కు. అసలు పేరుకి నోరు తిరగక నాన్న ఆయన్ని ‘దొర’ అనేవాడు.

సంగటి ముద్ద తుంచుతూ దొర జీవితచరిత్ర చెప్పేవాడు. సైకిల్ షాపులో పంక్చర్లు వేసుకునే కుర్రాడు మట్టిబాటల మీద పందేలకు దిగాడట. ఎముకలు విరగ్గొట్టుకున్నాడట, కప్పులూ గెలిచాడట. ఆ కార్లకి వెనక చూసే అద్దాలుండేవి కావు. వెనక ఎవరొస్తున్నారో మెకానిక్కే చూసి భుజం తట్టాలి. ఇంజను హోరులో మాట వినపడదు కదా.

“దొర ముసిలోడై మంచం మీద పోయినాడంటే, ఆ పక్కనోని చలవేరా!” అనేవాడు.

తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చేసింది...

సైనికులు కనపడిన కారునల్లా పట్టుకుపోతున్నారు. నాన్న మా కారు చక్రాలూడదీసి, బ్నీద్ అల్ గార్‌లోని మా గదిలో మంచం కింద దాచాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే చాలు, అమ్మ స్టవ్వు ఆపేసేది. చివరికి ఓ పొద్దున చక్రాలు బిగించి, ఇరాక్ మీదుగా జోర్డాన్ దారి పట్టాం. దారిలో కారు లాక్కుంటే ఎడారిలో, ఆ ఎండలో నడిచి బతకలేం. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. అమ్మ మాటిమాటికీ కొంగు నోట్లో కుక్కుకోవడం చూస్తే తెలిసింది.

వెనక సీటు నిండా బొంతలు, బిందెలు... అద్దంలో ఏమీ కనపడదు. నాన్న నన్ను తన వెనకే, బొంతల మీద, వెనక్కి తిప్పి కూర్చోబెట్టాడు.

“ఒరే, ఈ పొద్దు దొర మెకానిక్కువి నువ్వే. మిలిట్రీ బండి కనపడితే నా భుజం తట్టు. అరవొద్దు, మీయమ్మ జడుసుకుంటాది.”

“నీ దొర కతలు సాలు గానీ, రోడ్డు సూడయ్యా సామీ,” అంది అమ్మ.

చూశాను... దుమ్ము, ఎండమావులు, మళ్లీ దుమ్ము. దూరాన కనపడే ప్రతి చుక్కా ట్రక్కులాగే ఉంది.

తట్టాను.

నాన్న ఒక్క మాట అడగలేదు. చటుక్కున రోడ్డు దింపి, ఇసుకలో కూలబడిన ఓ లారీ చాటున ఆపి, ఇంజను కట్టేశాడు. అమ్మ నన్ను ముందుకి లాగి ఒళ్లో అదుముకుంది. కాసేపటికి సైనికుల ట్రక్కు ఒకటి నిజంగానే దూసుకుపోయింది... అప్పుడే మమ్మల్ని దాటిపోయిన ఓ తెల్లకారును ఆపింది. అందులో ఉన్న మలయాళీ దంపతులను దింపేసి, కారు పట్టుకుపోయారు.

అప్పటికి నా నిక్కరు తడిసిపోయింది. “బిడ్డ జడుసుకున్యాడే నాయనా!” అని అమ్మ ఏడ్చింది.

ఆ దంపతులనీ బొంతల మీదికి ఎక్కించుకున్నాం. “యల్లా, బైఠో!” అన్నాడు నాన్న. ఇక జోర్డాన్ చేరేదాకా వచ్చీరాని హిందీలో వాళ్లకి దొర కథ... చివర్లో నా పేరు కలిపి.

ఇప్పుడు కార్లకి వెనకో కెమెరా. అదే చూస్తుంది, అదే కూస్తుంది. భుజం తట్టే చెయ్యి ఎవరికీ అక్కర్లేదు. మీరెప్పుడైనా అలా వెనక్కి తిరిగి కూర్చుని ప్రయాణం చేశారా... చేసుంటే కింద కామెంట్లలో రాయండి.

నాన్న మాత్రం ఇప్పటికీ ప్రతి పెళ్లిలో, భోజనాల బంతిలో, నా కంటిచూపు గురించి చెబుతాడు. ఆయన ఇవేవీ చదవడు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను... ఆ ట్రక్కును నేను చూడలేదు. అరవొద్దన్నాడు కదా... ఒంటేలుకి ఆపమని తట్టాను.