ఉట్నూరు పెండ్లికొడుకు

"నిద్రలో పిల్ల ఊపిరి తీసుకోవడం మరిచిపోతే?"

ఊపిరి అలా మరిచిపోయే సంగతి కాదని జంతుశాస్త్రం చదివిన మనోరమకు తెలుసు. అయినా పది నెలల పాప ముక్కు కింద వేలు పెట్టి చూడనిదే ఆమెకు ముద్ద దిగదు. భర్తది ఆదిలాబాద్ పత్తి జిన్నింగ్ మిల్లులో పని, ఆదివారమే ఇంటికొస్తాడు. కాన్పు సెలవు అయిపోయింది, సోమవారం కాలేజీలో మళ్లీ పాఠాలకు చేరకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. పోతే పోనీ అని గడప దాటడమే మానేసింది.

కరీంనగర్‌లో ఆమె పక్కింటి భూపాల్‌రావుకు ఒకటే పిచ్చి: కొర్రమట్ట చేపలకు సంబంధాలు చూడటం. చేపల శాఖ నుంచి రిటైరైనా ఈ పని నుంచి మాత్రం రిటైర్ కాలేదు. ఎవరింట్లో కొర్రమట్ట కనిపించినా, కూర సంగతి తర్వాత, ముందు "ఏ చెరువుది? తల్లిదండ్రులెవరు?" అని నిలదీస్తాడు.

"చేపకు గోత్రమేంది కాకా?" అంది మనోరమ.

"సైన్సు సదివినవ్, గీమాత్రం తెల్వదా? చెరువులెండి జమ్మికుంట కాడ ఒక్క జంట మిగిలింది. గిప్పుడున్నయన్నీ దాని పిల్లలే. అన్నాచెల్లెండ్లకు పెండ్లి జేస్తే సంతానం బలం తప్పదా? ఒక్క రోగమొస్తే అన్నీ ఒక్కపారే పోతయ్. అందుకే ఉట్నూరు వాగుల నుంచి పిల్లగాన్ని తెచ్చిన. రేపే పెండ్లి. నువ్వు రావాలె."

"నేనా! మరి పిల్ల?"

"మీ చిన్నమ్మ సూస్తది. ఆడబిడ్డ తోడు లేకుంట పెండ్లికొడుకును పంపుతరా? ఇజ్జత్ పోదా?"

ఏ చేపకు ఎప్పుడు అక్కనయ్యానో అర్థంకాకుండానే మర్నాడు మనోరమ జమ్మికుంట బస్సెక్కింది.

కండక్టర్ అంతయ్య గుడ్డ కట్టిన బకెట్‌ను అనుమానంగా చూశాడు. "గిండ్ల ఏముంది సార్?"

"పెండ్లికొడుకు."

"టికెట్?"

"రెండేండ్లోడు. ఆడబిడ్డ ఒళ్లె కూసుంటడు."

"రెండేండ్లకే పెండ్లా!"

"ఈడొచ్చింది. నీకేం పరేషాన్?"

అంతలో బస్సు గుంతలో పడింది. గుడ్డ ఊడింది. పెండ్లికొడుకు ఎగిరి పక్క సీట్లోని ఒక పత్తి సేటు పంచెలో దూరాడు.

"పాము! పాము!"

"పాము గాదు, మా పిల్లగాడు! తొక్కకుండ్రి!" భూపాల్‌రావు సీటెక్కి అరిచాడు.

మనోరమ సీట్ల కింద పాకి, కొంగుతో ఒడిసి పట్టింది. "దొరికిండు!" బస్సంతా చప్పట్లు.

చేపను చెరువులో వదిలాక గాని ఆమెకు గుర్తు రాలేదు, పొద్దుటి నుంచి పాప మాటే తలచుకోలేదని. తిరుగు బస్సుకు పరుగెత్తింది.

ఇంట్లో పాప, భూపాల్‌రావు భార్య సరళాదేవి చీరంతా జావ పూసి కేరింతలు కొడుతోంది. ఊపిరికేమీ లోటు లేదు.

"ఎన్ని పెండ్లిళ్లు జేసిండో! ఒక్కదానికన్న ఆడబిడ్డను తోల్కపోలే," అంది సరళాదేవి మొగుణ్ణి చూపిస్తూ. "గా పొల్లను గడప దాటించుడెట్లనని వారం సంది నా పానం తింటుండు."

భూపాల్‌రావు బకెట్‌లో తల పెట్టి మరీ కడగసాగాడు. చివరికి తలెత్తాడు. "కొర్రమట్ట పిల్లలకు కావలి కాస్తది బిడ్డా. గని గాలి కోసం మాటిమాటికి పైకొస్తది. రాకపోతే నీళ్లల్నే సస్తది. నువ్వు గూడ జర పైకొచ్చి గాలి పీల్చుకొని పో."

సోమవారం మనోరమ కాలేజీకి పోయింది. వానాకాలంలో భూపాల్‌రావు గోడ మీద నుంచి కేక పెట్టాడు: "చెరువు నిండ ఎర్రెర్రటి పిల్లలు! మేనత్తవైనవ్!"

ఇప్పటికీ పాప నిద్రపోతే ఆమె వేలు ఆగదు. కాకపోతే ముందు తను ఒకసారి నిండా ఊపిరి పీల్చుకుంటుంది. ఆ తర్వాతే పాప ముక్కు కింద వేలు పెడుతుంది.