పల్లపు మూలలో మినుము

ఇమాం బీ కొల్లూరు దగ్గర లంకలో పుట్టింది. అక్కడి కృష్ణ ఒండ్రులో గింజ చేజారి పడినా మొలకెత్తి పలకరిస్తుందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది. పుట్టింటివాళ్ళు అరటి, వంగ, దొండ పండించేవాళ్ళు. పెళ్ళయి మా ఊరొచ్చాకే ఆమెకు వరి తెలిసింది. చౌడు అంటే ఏమిటో కూడా అప్పుడే తెలిసింది.

మా ఊరు భట్టిప్రోలు దాటాక రేపల్లె వైపు ఉంటుంది. కాలువ నీళ్ళు పై ఊళ్ళన్నిటినీ తడిపి, అలిసిపోయి, ఆఖరున మా దగ్గరికి వస్తాయి. ఆమె భర్త అబ్దుల్ రజాక్ రేపల్లెలో ఆయిలింజన్లు బాగుచేస్తాడు. రెండెకరాల కౌలు సేద్యం మాత్రం ఇమాం బీదే. తెల్లవారి నమాజు అయ్యాక ఇంటి ముందు, బస్సు కోసం నిలబడేవాళ్ళకని ఒక కుండ నిండా నీళ్ళు నింపి పెడుతుంది. తర్వాత బిస్మిల్లా అనుకుని పొలం గట్టెక్కుతుంది. ఎవరింట్లో జ్వరమున్నా ఆ రోజు వాళ్ళ గేదెకి కూడా గడ్డి ఆమే కోసుకొస్తుంది. అడిగితే, "ఎలాగూ వంగాను కదా, ఇంకో మోపెడు కోశాను" అంటుంది.

పొలం తెనాలిలో ఉండే వెంకట్రామయ్యగారిది. రజాక్ తండ్రి కాలం నుంచీ వీళ్ళే చేస్తున్నారు. పొలంలో పై సగం బాగానే ఉండేది. కింది సగం పల్లం. ఎండాకాలం వస్తే ఆ మూలన ముగ్గుపిండి ఒలికినట్టు తెల్లగా ఉప్పు తేలేది. వరి అక్కడ గిడసబారిపోయేది. మినుము అసలు మొలిచేదే కాదు. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, కంకులు నిలబడి ఉండగానే, ఆ బురదలో మినుములు చల్లేస్తాం. వరి కోశాక మిగిలిన తడితోనే పైరు లేస్తుంది. వేరే దుక్కి ఉండదు, నీళ్ళు పెట్టే పని ఉండదు. కానీ మినుముకి ఉప్పంటే గిట్టదు. అందుకే ఇమాం బీ పల్లపు మూలలో ఏటా చల్లిన గింజలు ఏటా పిట్టలే తినేవి.

నిరుడు కాదు, అంతకు ముందు ఏడాది, మినుము పీకిన రోజుల్లో వెంకట్రామయ్యగారు వచ్చారు. గట్టు మీద గొడుగు వేసుకుని ఆ మూల వైపు చూశారు.

"అమ్మాయ్, నీ మీద నాకేం కోపం లేదు. నేల ముసలిదైపోయింది. రొయ్యల చెరువుకి ఇమ్మని అడుగుతున్నారు."

"చెరువు తవ్వితే ఇంక అది పొలం కాదు బాబాయ్ గారూ. పక్కనోళ్ళ చేలల్లోకి కూడా ఉప్పు దిగుద్ది."

"మరేం చెయ్యమంటావ్?"

"ఒక్క ఏడాది ఆగండి."

ఆయన మెత్తని మనిషి. కాదనడం చేతకాదు. "సరే. వచ్చే ఏడు మినుము పీకేదాకా ఆగుతాను. ఆ మూలలో పంట చూపించావా, కౌలు నీదే. లేదంటే చెరువే" అని బస్సెక్కి వెళ్ళిపోయారు.

మా ఊరి రైతు కేంద్రంలో జ్యోతిలక్ష్మి అనే అమ్మాయి పనిచేస్తుంది. బాపట్లలో వ్యవసాయం చదివింది, ఆ పిల్లకి ఓపిక ఎక్కువ. పొలం మట్టి పట్టుకొస్తే బాపట్ల పంపించి పరీక్ష చేయిస్తానని ఊరందరికీ చెప్పింది. ఎలా తీయాలో కూడా చెప్పింది కానీ, ఆ రోజు మైకులో మాట సగం గాలికే పోయింది.

ఇమాం బీ మట్టి తీసిన తీరు చూడాలి! పై గట్టు దగ్గర, పెంటకుప్ప పక్కన, నల్లగా మెత్తగా ఉన్న చోట తవ్వింది. వేళ్ళు, నత్తగుల్లలు ఏరేసింది. నీడన ఆరబెట్టి, బియ్యం జల్లెడతో జల్లించి, ఉతికిన గుడ్డలో మూట కట్టింది.

రజాక్ చూసి నవ్వాడు. "ఏంటే, పరీక్షకా, పెళ్ళిచూపులకా? కాస్త పౌడరు కూడా అద్దకపోయావా?"

"నవ్వండి, నవ్వండి. బాపట్లలో పెద్ద చదువులోళ్ళు చూస్తారు. మన పొలం పరువు పోకూడదు."

మట్టి పరీక్ష కార్డు వచ్చింది. అన్నీ బాగున్నాయి. ఉప్పు లేదు, సత్తువ బోలెడంత ఉంది. ఇమాం బీ ఆ సంతోషంలో బస్సెక్కి తెనాలి వెళ్ళి, వెంకట్రామయ్యగారి చేతిలో కార్డు పెట్టింది. ఆయన భార్య, "ముందు మజ్జిగ తాగమ్మా, ఎండన పడొచ్చావు" అని గ్లాసిచ్చింది.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ చదివారు. "అయితే నేలలో ఏ లోపమూ లేదన్నమాట."

"లేదండి!"

"మరి పంట ఎందుకు రావట్లేదు? నేల బాగుంటే, లోపం చేసేవాళ్ళదే అవుతుంది కదమ్మా. అలాంటప్పుడు ఏడాది ఆగి మాత్రం ఏం లాభం?"

మజ్జిగ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. పొలాన్ని గొప్పగా చూపించబోయి, దాని రోగాన్ని తానే దాచేసింది. ఇప్పుడు ఆ గొప్పే తన మెడకు చుట్టుకుంది. "ఆగుతానన్నారు కదండి బాబాయ్ గారూ" అని మాత్రం అనగలిగింది. "అన్నాను. మాట తప్పను" అన్నారాయన, కానీ ఆ గొంతులో మునుపటి మెత్తదనం లేదు.

తిరిగొచ్చి తిన్నగా రైతు కేంద్రానికే వెళ్ళింది. జ్యోతిలక్ష్మి కార్డు చూసి, "మట్టి ఎక్కడ తీశారు పిన్నీ?" అంది.

"బాగున్న చోటే తీశానమ్మా."

"డాక్టరు దగ్గరికెళ్ళి నొప్పి లేని కాలు చూపిస్తారా?"

ఇమాం బీ ముఖం చూసి ఆ పిల్లకి జాలేసినట్టుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, బీరువాలోంచి ఊరందరి కార్డులూ తీసి చూపించింది. ఆ లెక్కన మా ఊళ్ళో ఏ పొలానికీ ఏ జబ్బూ లేదు! అందరూ పెంటకుప్ప పక్కనో, పాదుల దగ్గరో తీసినవే. బయట చెడ్డ పేరు రాకూడదని ఎవరికి వాళ్ళు తమ నేలని ముస్తాబు చేసి పంపించారు. "మీరొక్కరే కాదు పిన్నీ. తప్పు నాది కూడా. ఇంటింటికీ వచ్చి చెప్పాల్సింది" అంది జ్యోతిలక్ష్మి. తర్వాత ఇద్దరూ చెమటలు తుడుచుకుంటూ నవ్వుకున్నారు.

మర్నాడు ఆ అమ్మాయే పొలానికి వచ్చింది. పల్లపు సగంలో వంకర టింకరగా నడుస్తూ చాలాచోట్ల జానెడు లోతున తవ్వించి, ఆ గుంటల అంచుల నుంచి మట్టి గీకించి, అంతా కలిపి అందులో గుప్పెడు తీసింది. ఆ తెల్లటి ఉప్పు మట్టిని మూట కడుతుంటే ఇమాం బీకి సొంత బిడ్డ పుండు నలుగురిలో విప్పి చూపిస్తున్నట్టనిపించిందట. ఈసారి కార్డులో ఉన్నదున్నట్టు వచ్చింది. ఉప్పు ఎక్కువ. నేలలో ఉండాల్సిన జీవం, అదే కర్బనం, అడుగంటింది.

"ఆకు ఎర్రబడితే యూరియా చల్లుతూ పోయారు. గడ్డి ఒక్క పరక కూడా వదలకుండా అమ్ముకున్నారు. నేలకి తిరిగి ఏమిచ్చారు పిన్నీ?" అని అడిగింది జ్యోతిలక్ష్మి. ఇమాం బీ ఒక్కతే కాదు, మా ఊళ్ళో ఎవరూ నేలకి ఏమీ ఇవ్వలేదు. దేవుడు ఇచ్చిన నేల కదా, అదే ఇస్తుందిలే అనుకున్నాం.

మందు పెద్దదేం కాదు. మంచినీళ్ళు కట్టి, ఉప్పు కరిగాక ఆ నీళ్ళు కిందికి తీసేయాలి. పచ్చిరొట్ట ఎరువుగా జీలుగ చల్లి, నడుమెత్తు పెరిగాక నేలలోనే దున్నేయాలి. యూరియా తగ్గించాలి. అయితే నీళ్ళు కిందికి పోవడానికి దారేదీ? మురుగు కాలువ మొత్తం గుర్రపు డెక్క పట్టి బిగుసుకుపోయింది. దాని మీద కోడి నడిచి వెళ్ళొచ్చు.

రేపల్లె నుంచి మా ఊరికి చేపలు తెచ్చి అమ్మే సుబ్బులుకి ఈ సంగతి తెలిసింది. ఎండన పడి వచ్చిన రోజు ఇమాం బీ ఆమెకు అన్నం పెట్టకుండా పంపదు. వారం తిరక్కుండానే సుబ్బులు భర్త గంగయ్య, సముద్రం మీద పడవ నడిపే మనిషి, పాత వల ఒకటి భుజాన వేసుకుని దిగాడు.

"ఏంటి బావా, మా డ్రెయిన్‌లో ఏం పడతాయి?" అన్నాడు రజాక్.

"వల వేస్తే చేపలే పడాలా ఏంటి బావా? పట్టు ఆ కొస!"

డెక్క చుట్టూ వల తిప్పి, రెండు ఒడ్ల నుంచీ జనం లాగితే, ఆ పచ్చటి చాప మొత్తం గట్టెక్కింది. ముందు నలుగురే ఉన్నాం. చూడ్డానికి వచ్చినవాళ్ళు పంచెలు ఎగ్గట్టి దిగారు. మధ్యాహ్నానికి సగం ఊరు బురదలోనే ఉంది. సుబ్బులు గిన్నె పట్టుకుని గట్టు వెంట తిరుగుతూ, చేతులకి బురదైనవాళ్ళ నోట్లో తానే పులిహోర ముద్దలు పెట్టింది. "నోరు పెద్దది చెయ్ అన్నా, చేసిన పనికి తగ్గట్టు!" అంటుంటే ఒకటే నవ్వులు.

జ్యోతిలక్ష్మి చెప్పినట్టు, పంటపంటకీ అవే చోట్ల మట్టి తీసి చూడాలని ఇమాం బీ పొలంలో నాలుగు కర్రలు పాతి, తన పాత ఆకుపచ్చ చీర చింపి గుడ్డలు కట్టింది. కొన్నాళ్ళకి ఒక కర్ర మొదట్లో పంచదార, ఊదొత్తి పుల్లలు కనబడ్డాయి. కూలికి వచ్చే ఆడవాళ్ళు అక్కడ పీరు వెలిశాడనుకున్నారు! ఇమాం బీ కంగారుపడిపోయింది. "అయ్యో తల్లుల్లారా, అక్కడ పీరు లేడు, ఉప్పుంది. దండం పెడితే పెట్టండి గానీ అది తగ్గాలని పెట్టండి" అంది. వాళ్ళు అలాగే పెట్టారు.

జీలుగ ఏపుగా లేచింది. పల్లపు మూలలో అంత పచ్చదనం చూసి ఏళ్ళయింది. దాన్ని ట్రాక్టరు కింద దున్నేస్తుంటే రజాక్ చూడలేక ముఖం తిప్పుకున్నాడు. "నేల తిండి నేలకి పెడుతున్నామండీ, ఏడుస్తారేంటి?" అంది ఆమె. కాలువ నీళ్ళు వచ్చాయి. కట్టడం, తీసేయడం, మళ్ళీ కట్టడం. వరి నాటారు. కార్తీకంలో తుఫాను వాన ముంచెత్తితే చుట్టుపక్కల చేలన్నీ చెరువులయ్యాయి. ఇమాం బీ పొలంలో నీళ్ళు మాత్రం శుభ్రమైన డ్రెయిన్ పట్టి దిగిపోయాయి. అది చూసి ఎగువ రైతులు కూడా తమ వంతు కాలువ బాగుచేసుకోవడానికి పలుగులు పట్టుకొచ్చారు.

కోతకు ముందు మినుము చల్లింది. కోత మిషన్ బరువుకి నేల బిగుసుకోకుండా మనుషులతోనే వరి కోయించింది. పై సగంలో మొలకలు వచ్చాయి. పల్లపు మూలలో రాలేదు. రోజూ తెల్లవారి వెళ్ళి, ఒంగి చూసి తిరిగొచ్చేది.  సుబ్బులు చేపల బుట్ట దించి, "వస్తుందిలే వదినా. ఆడపిల్ల ముస్తాబు కదా, ఆలస్యమవుద్ది" అంది.

ఒక పొద్దున మంచులో ఇమాం బీ కేక వినబడింది. ఏ పాము కరిచిందోనని మేం పరుగెత్తాం. ఆమె పల్లపు మూలలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చుట్టూ మొలకలు! రెండేసి ఆకులు విప్పి, మట్టి పెళ్ళలు నెత్తిన పెట్టుకుని, మూల మొత్తం లేచాయి. ఆమె అక్కడే నుదురు నేలకి ఆనించింది. లేచేసరికి నుదుటికి తడి మట్టి అంటుకుంది. తుడుచుకోలేదు.

ఫాల్గుణంలో, మాట ప్రకారం, వెంకట్రామయ్యగారు వచ్చారు. వెంట చెరువులు తవ్వించే ప్రేమ్ కుమార్ అనే అతను కూడా కొలత టేపు పట్టుకుని వచ్చాడు. మేమంతా గట్టు మీదే ఉన్నాం.  జ్యోతిలక్ష్మి ముందే కొత్త మట్టి పరీక్ష కాగితం తెచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఉప్పు సగానికి పైగా తగ్గిందండి. కర్బనం ఇంకా తక్కువే. అది ఒక్క ఏడాదిలో రాదు, ఏటా చేస్తూ పోవాలి."

ఆయన తలూపి, చెప్పులు విడిచి, గొడుగు రజాక్ చేతికిచ్చి పల్లపు మూలలోకి దిగారు. అక్కడ కాయలతో ఒరిగిపోయిన మినుము మొక్కను ఒకదాన్ని మెల్లగా పీకారు. వేళ్ళకు పైరుకి బలమిచ్చే చిన్న చిన్న బుడిపెలు, వేళ్ళ మధ్య నల్లటి మట్టి. ఆ మట్టిలోంచి ఒక వానపాము జారి నేలలోకి దూరింది. 

"మా నాన్న ఉన్నప్పుడు చూశానమ్మా ఈ మూలలో పంట" అన్నారు.  "ఆ రోజు నిన్ను పెద్ద మాటన్నాను."

"మీరన్నారు కాబట్టే కదండి సరైన మట్టి తీశాను" అంది ఇమాం బీ.

ఆయన ప్రేమ్ కుమార్ వైపు తిరిగారు. "బాబూ, ఆ టేపు మడిచెయ్. ఇది పొలం. పొలంగానే ఉంటుంది."

గంగయ్య వేసిన ఈల డ్రెయిన్ అవతలిదాకా వినబడింది. ప్రేమ్ కుమార్ కూడా మంచివాడే. టేపు చుట్టుకుంటూ, "అయితే నాకు ఈ మినుములతో గారెలైనా పెట్టించండక్కా, ఇంత దూరం వచ్చాను" అన్నాడు.

"తినకుండా వెళ్ళనిస్తానా?"

పై సగంలో ముందే పీకి నూర్చిన మినుములు నానబోసి రుబ్బాక, ఆ సాయంత్రం ఇమాం బీ ఇంటి ముందు పొయ్యి వెలిగింది. ఆమె పిండి తట్టి వేస్తుంటే సుబ్బులు నూనెలోంచి తీసింది. మొదటి వాయి కాగితంలో చుట్టి వెంకట్రామయ్యగారి భార్యకని విడిగా పెట్టారు. తెనాలి బస్సు హారన్ కొడుతున్నా ఆయన లేవలేదు. ఇంకో గారె అందుకుంటూ, "అమ్మాయ్, ఈసారి జీలుగ పొలం మొత్తం చల్లు. విత్తనాలు నేను తెస్తాను" అన్నారు.