కానుగ నూనె మీద మూడు రోజులు

కర్ణాటకలో తుర్విహాళ దగ్గర, మేం వలసవచ్చి కట్టుకున్న క్యాంపులో డీజిల్ ఇంజన్ని పంటకాలమంతా కానుగ నూనె మీద నడిపిన మొనగాణ్ణి నేనేనని ఇన్నేళ్లూ చెప్పుకున్నాను. అబద్ధం. నడిపింది మూడు రోజులు. ఇంజనూ నాది కాదు.

ఆ కార్తీకంలో కాలువ చివరి పొలాలకు నీళ్లందలేదు. నా పక్క పొలం స్థానికుడైన ఒక ముసలాయనది. ఆయన మూడెకరాల వరి పాలు పోసుకునే దశలో ఉంది. వంకలో నీళ్లున్నాయి, తోడడానికి ఆయనకు ఇంజనుంది. డీజిలే ఎక్కడా దొరకదు. మిగిలింది ఒక్క సీసాడు.

"కానుగ నూనె పోద్దాం బాబాయ్. మా కృష్ణా జిల్లాలో అందరూ అదే పోస్తారు" అన్నాను. అక్కడ ఒక్కడైనా పోయగా నేను చూడలేదు.

"బండి ఇరుసుకు పూసేది ఇంజను తాగుతదా ఏంది తమ్మీ?"

"వేరుశనగ నూనైతే ఇంకా బాగా తాగుతుంది. పోస్తారా?"

"గది పోస్తే మా ముసల్ది నన్ను పొయ్యిల పెడ్తది!"

ఇంజను కానుగ నూనె తాగింది. డీజిల్‌తో స్టార్టు చేసి, వేడెక్కాక, కాచి వడగట్టిన నూనెకు మార్చాను. నీళ్లు ఎప్పటిలాగే పడ్డాయి. ఆ చేదు పొగ వాసన ఇప్పటికీ ఉన్నట్టుండి వస్తుంది. ఇంట్లోవాళ్లను అడిగితే ఏ వాసనా లేదంటారు.

ఆపే ముందు మళ్లీ కాసేపు డీజిల్ మీద నడపాలి. లేకపోతే చిక్కటి నూనె నాజిల్లో నిలిచి, చల్లారి, బంకకడుతుంది. అది నాకు తెలుసు. రెండు రోజులు అలాగే చేశాను. మూడో రోజు సాయంత్రం క్యాంపువాళ్లు చూడటానికి వచ్చారు. "ఆపడానికి డీజిల్ చుక్క కూడా అక్కర్లేదు" అని వాళ్ల ముందు నూనె మీదే ఆపేశాను.

తెల్లారి ఇద్దరం మార్చి మార్చి హ్యాండిల్ తిప్పాం. ఒక్కసారి దగ్గింది, అంతే. ఇప్పుడు కూడా మధ్యాహ్నం కునుకులో ఎవరో హ్యాండిల్ తిప్పుతున్నట్టు వినిపిస్తుంది. ఇంజను అందుకోదు.

"ఏమాయె తమ్మీ?"

"మీ ఇంజను ముసలిదైపోయింది బాబాయ్, నేనేం చేయను?"

ఆయన దాని మీద చెయ్యేసి నిమిరాడు. "దాన్నేమనకు. శాన ఏండ్లు చేసింది, పాపం."

సింధనూరు నుంచి నాజిల్ బాగుపడి వచ్చేసరికి పొలం నెర్రెలు విచ్చింది.

ఆయన వడ్లు తూర్పారబట్టిన రోజు నేనూ కళ్లంలో నిలబడ్డాను. చేటలోంచి జారినవాటిలో కింద పడ్డ గింజలు కొన్నే. మిగతాదంతా గింజ పట్టని తాలు, గాలికి నా మీదికే వచ్చింది.

"కండ్లు మూసుకో తమ్మీ, దుమ్ము పడ్తది" అన్నాడాయన.

మూసుకున్నాను.