ఆవకాయ డబ్బా అడుగున

కింది పోర్షన్ల ఉండే ఆమెను నేను ఇప్పటిదాక క్షమించలేదు. క్షమించను సుత. మల్కాజ్‌గిరిల ఒక్కటే గేటు లోపల ఆరేండ్లు ఉన్నం. నాకు జ్వరమొస్తే జావ కాసి మెట్లెక్కి తెచ్చినామె. అందుకే ఇంకా ఒళ్ళు మండుతది.

రిటైరైనంక మా ఆఫీసోళ్ళతోని బ్యాంకాక్ టూరుకు బయలుదేరిన. ముందురోజు ఆమె ఒక అట్టడబ్బా తెచ్చింది, చుట్టూ టేపేసి, తాడు కట్టి. "అక్కా, జెర మా తమ్మునికి ఆవకాయ. ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకుంటడు" అన్నది. ఒకరు కట్టిచ్చిన పచ్చడి డబ్బాను మన ఇండ్లల్ల ఎవరన్న విప్పి చూస్తరా? నేనూ చూడలేదు.

అక్కడ దిగంగనే కస్టమ్సోళ్ళు నా ముందే కోసిండ్రు. పైన ఆవకాయ, దాని కింద అప్పడాలు, అడుగున సాక్సులు. ఒక్కో సాక్సుల ఒక నక్షత్ర తాబేలు, కాళ్ళు కదలకుండ టేపు చుట్టి. కొన్ని అప్పటికే చచ్చిపోయినయ్. పచ్చడి ఘాటుల వాసన తెల్వదని పెట్టిందంట, దొంగమొఖంది!

డబ్బా మళ్ళ కట్టి, ఏం తెల్వనట్టు ఆ తమ్మునికి ఇయ్యమన్నరు. ఇచ్చిన. వాని వెనక మనుషులను పంపిండ్రు. నన్ను మాత్రం రెండు రోజులు గదిల కూసోబెట్టి అడిగిందే అడిగిండ్రు. టూరోళ్ళు నన్ను చూసి మొఖం తిప్పుకున్నరు. సికింద్రాబాద్‌ల ముప్పై ఏండ్లు ఒక్క మాట పడకుండ నౌకరి చేసిన నేను, తాబేళ్ళ దొంగనైన. ఏడ్వలేదు. పండ్లు కొరుక్కుంట కూసున్న.

ఈ జీవాలను దొంగతనంగ సరిహద్దు దాటించొద్దని దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నయంట. దాని పుణ్యాన అక్కడి ఆఫీసర్లు, మన ఆఫీసర్లు వీడియోల మాట్లాడుకున్నరు. "ఎప్పుడూ మోసేటోళ్ళే దొరుకుతరమ్మా, పంపేటోళ్ళు దొరకరు" అన్నడు మన ఆఫీసరు. ఆమె దొరికితేనే నా మీది కేసు పోతది. నన్ను ఇంటికి పంపిండ్రు గని, అప్పటిదాక నా పాస్‌పోర్టు మన ఆఫీసర్ల దగ్గరనే.

ఇంటికొచ్చిన తెల్లారి ఆమె మెట్లెక్కి వచ్చింది. "తమ్మునికి అందిందంట అక్కా, నీ మేలు మర్చిపోను."

నవ్విన. ఆఫీసరు నేర్పిన మాటే అన్న: "దానికేందమ్మా! వచ్చే నెల మా చెల్లె పోతున్నది. ఇంకో డబ్బా కట్టు."

ఆమె మొఖం వెలిగిపోయింది. నాకు లోపల పండుగ. ఆ నెలంతా ఆమెతోని నవ్వుకుంట మాట్లాడిన, ఆమె ఇచ్చిన చాయ్ తాగిన.

ఆమె వంటింట్ల డబ్బా కడుతుండంగనే మన ఆఫీసర్లు వచ్చి పట్టుకున్నరు. అదే పూట అక్కడ తమ్ముడన్నోన్ని, వాని సేటును సుత పట్టుకున్నరు. గేటు కాడ ఆమె నన్ను చూసి చేతులు జోడించింది. "అక్కా, నువ్వన్న చెప్పు వీళ్ళకు!"

"చెప్పిన" అన్న. "అంతా నేనే చెప్పిన."

వ్యాను గల్లి దాటేదాక అక్కడనే నిలబడి చూసిన. పాపం అనిపించలేదా అని మా చెల్లె ఫోన్ల అడిగింది. లేదు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువనే తిన్న.